ఏమీ మార్చకపోయినా మారే దిగుబడి

1910 వేసవిలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక ఎకరం గోధుమ చేనును 500 ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క ఎనిమిది చదరపు మీటర్లకు కాస్త పైన. ఏ ముక్క పంటను ఆ ముక్కకే కోసి, నూర్చి, తూచి, రాసుకున్నారు. చేనంతటికీ విత్తనం ఒకటే, ఎరువు ఒకటే. ఏ ముక్కకూ ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. చూపుకు ఎక్కడా తేడా కనిపించని చేనునే ఎంచుకున్నారు కూడా. ఇంత శ్రమ దేనికంటే, అసలు ఏ మార్పూ చేయని చేలో దిగుబడి ఎంత మారుతుందో తెలుసుకోవడానికి.

సగటున ముక్కకు 1.8 కిలోల గింజలు వచ్చాయి. అన్నిటికన్నా తక్కువ పండిన ముక్కలో 1.24 కిలోలు, అన్నిటికన్నా ఎక్కువ పండిన ముక్కలో 2.34 కిలోలు. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే వాన, అయినా ఒకదానికి ఒకటి దాదాపు రెట్టింపు. ఈ లెక్కలను మెర్సర్, హాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1911లో ప్రచురించారు. వ్యవసాయ గణాంకశాస్త్రంలో ఎవరైనా మొదట చదవవలసింది ఇదేనని నా నమ్మకం.

ఎందుకంటారా? ఆ 2.34 కిలోలు పండిన ముక్కలో ఎవరో ఒక కొత్త ఎరువు చల్లారనుకోండి. 1.24 పండిన ముక్కను పాత పద్ధతిలో వదిలేశారనుకోండి. కోతలయ్యాక రెండూ తూచి, కొత్త ఎరువుతో దిగుబడి దాదాపు రెట్టింపయిందని ప్రకటిస్తే కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. తూకం నిజమే, రాసిన అంకె నిజమే. ఎరువు మాత్రం ఏమీ చేయలేదు.

మన రైతుకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మడవ దగ్గరి మడికీ నీరు ఆఖరున చేరే మడికీ తేడా ఆయనకు తెలుసు. తుమ్మచెట్టు నీడ పడే మూల, ఒకప్పుడు పెంటదిబ్బ ఉన్న చోటు, చౌడు తేలిన పట్టీ, నేల చదును చేసినప్పుడు పైమట్టి పోయిన వైపు, అన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. ఆయన లెక్కలో లేనిది ఒక్కటే: కొత్త వంగడమో కొత్త మందో వేసినప్పుడు కనిపించిన లాభంలో ఎంత నేలది, ఎంత వంగడానిది. అది విడదీయడానికి కళ్లు చాలవు, అనుభవం కూడా చాలదు. ఆ విడదీసే పని నేర్పడానికే వ్యవసాయ కళాశాలలో, జీవశాస్త్రాల డిగ్రీలో గణాంకశాస్త్రం పెట్టారు.

మన తరగతి గదుల్లో ఆ పాఠం ఎక్కువగా సూత్రాలతో మొదలవుతుంది. సగటు, మధ్యగతం, బహుళకం, తరువాత ప్రామాణిక విచలనం, ఆ తరువాత టీ పరీక్ష, ఎఫ్ పరీక్ష. కాలిక్యులేటరు నొక్కి జవాబు రాబట్టడం వస్తుంది కాని, ఆ జవాబు ఏ ప్రశ్నకో విద్యార్థికి తెలియదు. మొదటి వారంలోనే పిల్లలను కళాశాల పొలానికి తీసుకెళ్లి, టేపు, కొడవలి, తక్కెడ చేతికిచ్చి, ఒకేలా పెంచిన వరి మడిని ముక్కలుగా కోయించాలి. ఎవరి ముక్క బరువు వారు నల్లబల్ల మీద రాయాలి. ప్రామాణిక విచలనం అంటే ఏమిటో ఆ బల్లే చెబుతుంది: ఏమీ చేయకపోయినా అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉంటాయో దాని కొలత. రోథమ్‌స్టెడ్ చేలో అది ముక్కకు 0.21 కిలోలు, అంటే సగటులో దాదాపు 12 శాతం.

ఈ 12 శాతాన్ని కొంచెం సేపు పట్టుకుని చూడాలి. ఆ చేలో ఎక్కడో ఒక ముక్క, ఇంకెక్కడో ఒక ముక్క తీసుకుంటే, రెంటి మధ్య తేడాకు ప్రామాణిక విచలనం 16 శాతం దాకా వస్తుంది. మరి మంచి వంగడం పాత దానికన్నా పది శాతం ఎక్కువ పండినా గొప్పే. ఒక మడిలో ఇది, ఒక మడిలో అది వేసి పోల్చితే ఆ పది శాతం నేల తేడాల్లో కలిసిపోతుంది. అందుకే ఒక్కో వంగడాన్ని అనేక మళ్లలో వేస్తారు. వాటిని రెప్లికేషన్లు అంటారు. నాలుగు మళ్ల సగటు తీసుకుంటే అనిశ్చితి సగమవుతుంది, పదహారు తీసుకుంటే నాలుగో వంతవుతుంది. వర్గమూలం చొప్పున తగ్గుతుంది కాబట్టి మొదటి కొద్ది రెప్లికేషన్లూ చాలా ఇస్తాయి, ఆ పైన ఖర్చు పెరిగినంతగా ఫలితం పెరగదు.

మరి చిన్న మళ్లు నాలుగెందుకు, అంత నేలనూ ఒకే పెద్ద మడి చేస్తే పోదా? పోదు. పక్కపక్క ముక్కలు ఒకదానిలా ఒకటి పండుతాయి. సారమున్న చోట చుట్టూ సారమే, చౌడున్న చోట చుట్టూ చౌడే. పెద్ద మడి మొత్తం ఒకే చౌడులో పడిపోవచ్చు. అందుకే మెర్సర్, హాల్ ఇద్దరూ ఒక్కో రకానికి చేలో దూరదూరంగా అయిదు మళ్లు ఇవ్వమన్నారు. అయితే ఆ అయిదింటినీ ఒక క్రమం ప్రకారం పరవమన్నారు. తరువాతి తరం పేచీ అక్కడే మొదలయింది.

రొనాల్డ్ ఫిషర్ 1919లో 29 ఏళ్ల వయసులో రోథమ్‌స్టెడ్‌కు వచ్చాడు. ఆ కేంద్రం 1843 నుంచి నడుస్తోంది. బ్రాడ్‌బాక్ అనే పొలంలో ఏటా గోధుమ వేసి, ఏ మడికి ఏ ఎరువో మార్చకుండా వేస్తూ వచ్చారు. దశాబ్దాల దిగుబడులు పుస్తకాల్లో పేరుకుపోయి ఉన్నాయి. వాటిలో ఏముందో చూడమని ఆయనను పిలిచారు. ఎరువు మారకపోయినా దిగుబడులు దీర్ఘకాలంలో పెరుగుతూ తగ్గుతూ ఉండడం ఆయన గమనించాడు. వానతో గాని ఎరువుతో గాని ఆ పోకడను వివరించలేకపోయాడు. కలుపు కారణం కావచ్చని ఊహించాడు. 1870లలో బడి చట్టాలు వచ్చాక, అంతకు ముందు చేతులతో కలుపు తీసిన ఊరి కుర్రాళ్లు బడికి వెళ్లిపోయారని గుర్తు చేశాడు. కలుపు కూలీ దొరకని ఏడాది చేను ఏమవుతుందో చూసిన తెలుగు పాఠకుడికి ఈ ఊహ అతిగా అనిపించదు.

పాత లెక్కలను ఎంత తవ్వినా ఒక హద్దు దాటి సమాధానం రాదని ఆయనకు అక్కడే అర్థమయింది. బ్రాడ్‌బాక్‌లో ఒక్కో ఎరువుకు ఒకటే పట్టీ. ఒక పట్టీ ఎక్కువ పండితే అది ఎరువు ఘనతో ఆ పట్టీ నేల ఘనతో చెప్పే దారి లేదు. ప్రశ్న విత్తే ముందే అడగాలి. పొలాన్ని మళ్లుగా విడగొట్టేటప్పుడే జవాబుకు చోటు పెట్టాలి. 1925లో వచ్చిన ఆయన పాఠ్యగ్రంథం, 1935లో ప్రయోగాల అమరికపై రాసిన గ్రంథం ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి.

ఆయన అడిగినవి మూడు పనులు. రెప్లికేషన్ గురించి ఇప్పటికే చెప్పుకున్నాం. రెండోది, పొలాన్ని బ్లాకులుగా చేయడం. నీరు తూర్పు నుంచి పడమరకు పారే పొలమయితే, తూర్పున ఒక బ్లాకు, దాని పక్కన ఒకటి, అలా చివరి దాకా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఒక్కోసారి వేయాలి. మడవ దగ్గరి లాభమూ ఆఖరి నష్టమూ అన్ని రకాలకూ సమంగా దక్కుతాయి. మూడోది, బ్లాకు లోపల ఏ రకం ఏ మడిలో పడాలో చీటీలు వేసి తేల్చడం.

ఈ మూడోది చాలామందికి మింగుడుపడలేదు. వారిలో విలియం గాసెట్ ముఖ్యుడు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేస్తూ, బార్లీ ప్రయోగాలు చేయిస్తూ, ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో 1908లో చిన్న నమూనాల సిద్ధాంతాన్ని ప్రచురించిన మనిషి. విద్యార్థులు ఈనాటికీ చేసే టీ పరీక్షకు మూలం ఆయనే. మెర్సర్, హాల్ వ్యాసానికి అనుబంధం రాసింది కూడా ఆయనే. నేల సారం ఎటు తగ్గుతోందో కంటికి కనిపిస్తుంటే, రకాలను చక్కగా మార్చిమార్చి వేసుకోక చీటీలకెందుకు వదలాలని ఆయన వాదన. చీటీల్లో ఒక రకానికి వరసగా మంచి మళ్లే రావచ్చు కదా అనేవాడు. అది తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు. ఇద్దరూ స్నేహం చెడకుండా 1937లో గాసెట్ చనిపోయేదాకా వాదించుకున్నారు.

ఫిషర్ జవాబు నాకు సరైనదిగా తోస్తుంది. క్రమం ప్రకారం అఆఇఈ, అఆఇఈ అని వేస్తూ పోతే ప్రతిసారీ ‘అ’ ఎగువన, ‘ఈ’ దిగువన పడతాయి. వాలు కనిపించకపోయినా ఆ మొగ్గు అన్ని బ్లాకుల్లోనూ ఒకే వైపు పోగవుతుంది. మనకు తెలిసిన వాలుకు బ్లాకులు కాపలా కాస్తాయి. తెలియని వాటికి, అంటే పాత కాలవ పూడిన గాడికో, భూమిలోపలి గులకకో, నిరుడు గుట్ట వేసిన గడ్డికో, చీటీ ఒక్కటే కాపలా. పైగా చీటీ వేసినందువల్ల ఇంకో మేలుంది. ఏమీ లేకుండానే ఇంత తేడా రావడానికి ఎంత అవకాశముందో ఖచ్చితంగా లెక్క వేయవచ్చు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను కల్పించినవే, వరికి కుదిరేలా. ఆరు బ్లాకులు, ఒక్కో బ్లాకులో రెండు మళ్లు. ఒకదానికి పాత మోతాదు నత్రజని, ఒకదానికి కొత్తది. బ్లాకుకో బొమ్మాబొరుసు వేసి ఏ మడికి ఏదో తేల్చాం. గట్టు పక్క వరసలకు గాలి, వెలుతురు ఎక్కువ కాబట్టి వాటిని వదిలేసి, ఒక్కో మడిలో లోపలి 25 చదరపు మీటర్లు కోసి తూచాం. పాత మోతాదుకు వరసగా 11.2, 12.5, 13.9, 14.0, 14.8, 13.0 కిలోలు. కొత్త దానికి 12.0, 13.1, 14.3, 14.9, 15.2, 13.7. సగటులు 13.23, 13.87. తేడా 0.63 కిలో.

బ్లాకుల సంగతి మరిచిపోయి, ఆరు అంకెలను ఆరు అంకెలతో పోల్చి చూడండి. పాత మోతాదు మళ్లలోనే 11.2 నుంచి 14.8 దాకా చెదిరి ఉన్నాయి. ఆ చెదురులో 0.63 ఎంత? ఆ తేడాకు ప్రామాణిక దోషం, అంటే దానిలోని అనిశ్చితి కొలత, 0.72. తేడా కన్నా దాని అనిశ్చితే పెద్దది, తేల్చి చెప్పడానికేమీ లేదు. ఇప్పుడు బ్లాకుల వారీగా తీసివేయండి: 0.8, 0.6, 0.4, 0.9, 0.4, 0.7. ఆరింటికి ఆరూ కొత్త మోతాదు వైపే ఉన్నాయి, తమలో తాము పెద్దగా తేడా పడలేదు. ఇక్కడ ప్రామాణిక దోషం 0.08. అవే మళ్లు, అదే ధాన్యం, అదే 0.63. బ్లాకులు కట్టిన శ్రమ వల్ల నేల తేడా లెక్కలోంచి తప్పుకుంది, ఎరువు తేడా బయటపడింది. వేరియన్స్ విశ్లేషణ అని విద్యార్థులు భయపడే పట్టిక చేసేది ఇదే: మొత్తం చెదురులో బ్లాకుల వంతు ఇంత, ఎరువు వంతు ఇంత, ఎవరికీ చెందక మిగిలింది ఇంత అని పంచడం.

మరి ఆరూ ఒకే వైపు పడడం కేవలం అదృష్టం కాకూడదా? ఎరువుకు ఏ ప్రభావమూ లేదనుకుంటే, ప్రతి బ్లాకులోనూ ఎవరు గెలిచేదీ మనం వేసిన బొమ్మాబొరుసే తేల్చాలి. ఆరుసార్లూ ఒకే వైపు పడే అవకాశం 32లో ఒకటి. నాలుగు బ్లాకులే వేసి ఉంటే అది ఎనిమిదిలో ఒకటి అయ్యేది, కేవలం గెలుపోటములను లెక్కించి ఎవరినీ ఒప్పించలేకపోయేవాళ్లం. 20లో ఒకటి కన్నా తక్కువయితే పట్టించుకోవచ్చని ఫిషర్ 1925 పుస్తకంలో ఒక అనుకూలమైన హద్దుగా చెప్పాడు. ఆ అయిదు శాతమే మన పరిశోధన నివేదికల్లో శాసనంలా స్థిరపడిపోయింది. సిద్ధాంత గ్రంథాల పట్టికల అడుగున ఎస్ఈఎమ్ (సగటు ప్రామాణిక దోషం), సీడీ (నిజమైన తేడా అనడానికి దాటవలసిన హద్దు), సీవీ (మిగిలిన చెదురు సగటులో ఎంత శాతమో) అని మూడు వరసలుంటాయి. రెండు రకాల తేడా సీడీని దాటితే ‘సిగ్నిఫికెంట్’, దాటకపోతే ‘ఆన్‌పార్’ అని రాసి ముందుకు పోతారు. దాటలేదంటే రెండూ సమానమని కాదు. ఈ ప్రయోగానికి ఆ తేడాను పట్టే శక్తి లేకపోయి ఉండవచ్చు. సీవీ ముప్పై శాతం ఉన్న పట్టికలో ‘ఆన్‌పార్’ అన్న మాట చూస్తే వంగడం కన్నా ముందు ప్రయోగాన్నే అనుమానించాలి.

దాటితే అంతటితో అయిపోయిందనీ కాదు. మన లెక్కలో 0.63 కిలో అంటే ఎకరాకు సుమారు 100 కిలోలు, బస్తా పైచిలుకు ధాన్యం. అదనపు యూరియా, దాన్ని చల్లే కూలీ, పచ్చదనానికి వచ్చే దోమ, ఆ దోమకు కొట్టే మందు, ఇవన్నీ తీసేశాక రైతుకు ఏం మిగిలిందన్నది వేరే లెక్క. గణాంక పరీక్ష తేడా ఉందని చెబుతుంది, లాభం ఉందని చెప్పదు.

వరి మళ్ల నుంచి రొయ్యల చెరువులకు వస్తే ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. భీమవరం ప్రాంతంలో ఒక చెరువుకు కొత్త మేత, ఒక చెరువుకు పాత మేత వేసి, ఒక్కో దానిలోంచి వంద రొయ్యలు పట్టి తూచారనుకోండి. చేతిలో 200 అంకెలున్నాయి కాబట్టి ప్రామాణిక దోషం చాలా చిన్నదిగా వస్తుంది, పరీక్షలో తేడా గట్టిగా నిలబడుతుంది. కాని మేత వేసింది రొయ్యకు కాదు, చెరువుకు. ఒక చెరువులోని వంద రొయ్యలూ ఒకే నీరు, ఒకే ఉప్పదనం, ఒకే ఏరేటరు పంచుకున్నాయి. ఆ రెండు చెరువులకు మేత ఒకటే వేసినా వాటి రొయ్యలు ఒకే బరువు తూగవు. ఇక్కడ ప్రయోగంలో ఉన్నవి 200 కావు, రెండే. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ప్రచురితమైన ప్రయోగాలను పరిశీలించి, ఇలాంటి దొంగ రెప్లికేషన్ ఎంత విస్తారంగా ఉందో చూపించాడు. ఒకే షెడ్డులోని కోళ్లకు, ఒకే కుండీలోని మొక్కలకు, ఒకే తొట్టిలోని చేపలకు ఇదే వర్తిస్తుంది. ఎన్ని అంకెలు రాశామన్నది కాదు, చీటీ దేనికి వేశామన్నది చూడాలి.

ఇంతవరకు చెప్పుకున్న దోషాలు చీటీలు వేసి మళ్లు పెంచుతూ పోతే తగ్గేవి. పెంచినా తగ్గనివి మరో రకం, వాటి పాఠం మన దేశమే నేర్పింది. ఊరి పంట మొత్తం ఎంతో తెలియాలంటే ప్రతి పొలమూ కోయలేం, కొన్ని చోట్ల కోసి చూడాలి. 1920లలో బీహారు, ఒరిస్సాలలో హబ్బక్ అనే అధికారి వరిలో చిన్న చట్రం పెట్టి యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల కోయించాడు. తరువాత కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను నెలకొల్పిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాలులో పెద్ద ఎత్తున సర్వేలు నడిపాడు. చిన్న వృత్తాకారపు కోతలు ఎక్కువ చోట్ల కోయడం ఆయన పద్ధతి. అదే సంస్థకు 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కుర్రాడు కల్యంపూడి రాధాకృష్ణ రావు వెళ్లి చేరాడు. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. ప్రయోగాల అమరికలపై ఆయన చేసిన కృషి తరువాత పొలాలు దాటి కర్మాగారాల నాణ్యతా పరీక్షలకూ పాకింది.

చిన్న కోతలతో ఒక చిక్కుందని 1940లలో పి.వి. సుఖాత్మే అనే గణాంకవేత్త చూపించాడు. అవే పొలాల్లో చిన్న ముక్క కోస్తే దిగుబడి అంచనా ఎక్కువగా వస్తోంది, పెద్ద ముక్క కోస్తే తగ్గుతోంది. కారణం హద్దు. తాడు మీద పడిన కుదురు లోపలిదా బయటిదా అని కొడవలి పట్టిన మనిషి తేల్చాలి. చెయ్యి లోపలికే లాగుతుంది. ప్రతి వైపూ అయిదు సెంటీమీటర్లు బయటికి జరిగిందనుకోండి. ఒక మీటరు చదరం 1.1 మీటర్లదవుతుంది, వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అయిదు మీటర్ల చదరం 5.1 అవుతుంది, పెరిగేది 4 శాతం. ఆ చిన్న చదరాలు వెయ్యి కోసినా సగటులోంచి ఆ 21 శాతం పోదు, ఇంకా స్థిరపడుతుంది. మహలనోబిస్ మాత్రం బాగా తర్ఫీదయిన సిబ్బందితో చిన్న కోతలు నడపవచ్చని నిలబడ్డాడు. వారిద్దరి వాదం దేశ వ్యవసాయ గణాంకాలకు మేలే చేసింది.

ఇవాళ మన ఊళ్లలో వరికి జరిగే పంట కోత ప్రయోగాల్లో 5 మీటర్ల చదరం కొలవడం ఆ వాదం తాలూకు ఫలమే. యాదృచ్ఛిక సంఖ్యలతో సర్వే నంబరు ఎంపికవుతుంది. పొలంలో నైరుతి మూల నుంచి పొడవుకూ వెడల్పుకూ మళ్లీ యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం నడిచి మేకు పాతుతారు. పంట బీమా ఆ తూకం మీద ఆధారపడినప్పుడు, మేకును నాలుగడుగులు అటో ఇటో జరపమని ఒత్తిడి వస్తుంది. నష్టపోయిన రైతు ఎండిన వైపు చూపిస్తాడు, ఇంకొకరు ఏపుగా ఉన్న వైపు చూపిస్తారు. జరిపితే ఆ ఒక్క పొలం లెక్కే కాదు, దాని మీద నిలిచిన ఊరి మొత్తం లెక్క చెడుతుంది. ఆ పని చేసే ఉద్యోగికి గణాంక పాఠంలో ఒక్క ముక్కయినా అర్థమై ఉండాల్సింది అక్కడ.

పరిశోధన స్థానంలో గెలిచిన వంగడం ఊళ్లో గెలుస్తుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. స్థానంలో నీరు సకాలంలో వస్తుంది, కలుపు తీసే మనుషులుంటారు. అందుకే 1965 నుంచి అఖిల భారత సమన్వయ పథకం కింద వరి రకాలను ఒకేసారి అనేక రాష్ట్రాల్లో, అనేక కేంద్రాల్లో పరీక్షిస్తున్నారు. దాని కేంద్రం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఒకచోట మొదటి స్థానంలో నిలిచిన రకం ఇంకోచోట వెనకబడుతుంది, ఒక ఏడాది ముంపు తట్టుకున్నది మరో ఏడాది తెగులుకు లొంగుతుంది. చోటుకీ ఏడాదికీ రకానికీ ఉన్న ఈ పొత్తును ఒకే పొలంలో ఎన్ని రెప్లికేషన్లు వేసినా పట్టలేం.

ఆపైన మినీకిట్లు వస్తాయి. కొద్ది కిలోల కొత్త విత్తనం రైతుకిచ్చి, ఆయన ఏటా వేసే రకం పక్కనే వేయమంటారు. అప్పుడు ప్రతి రైతు పొలమూ ఒక బ్లాకు, పైన మనం వేసిన ఆరు బ్లాకుల లెక్కే యాభై ఊళ్లకు వేయవచ్చు. ఒక చోట మాత్రం జాగ్రత్త పడాలి. ప్రభుత్వం ఇచ్చిన కొత్త విత్తనం కదా అని రైతు దాన్ని తన మంచి చెక్కలో, మడవ దగ్గర వేస్తాడు. ప్రేమతోనే వేస్తాడు, లెక్క మాత్రం వంగిపోతుంది. విత్తన సంచి చేతికిచ్చే రోజునే వ్యవసాయాధికారి ఆయనతో కలిసి పొలానికి వెళ్లి, చెక్కను రెండు సగాలు చేసి, జేబులోని రూపాయి తీసి ఆయన చేతే ఎగరేయించాలి. పడిన వైపు కొత్తది, రెండో వైపు పాతది. ఆ సంగతి కిట్టు కార్డు మీద రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టాలి.